కొత్త కారులో ఘాటు వాసన: ముందు ఆ మ్యాట్లు తీసి చూడండి

మీ ప్రశ్న మొత్తం చదివాను. తర్వాత చదివేవాళ్ళకు అర్థం కావాలి కాబట్టి క్లుప్తంగా మళ్ళీ రాస్తున్నాను. మీరుండేది కర్నూలు. కారు కొని రెండు నెలలైంది. డెలివరీ అయిన వారంలోనే బయట షాపులో 7డి మ్యాట్లు (నేలంతా కప్పే మందపాటి ఫోము, రెక్సిన్ మ్యాట్లు), రెక్సిన్ సీటు కవర్లు వేయించారు, డోర్లకు శబ్దం, అదురు తగ్గించే డ్యాంపింగ్ షీట్లు అంటించారు. ఆఫీసు దగ్గర నీడ లేదు, పొద్దున పెట్టిన కారు సాయంత్రం దాకా ఎండలోనే ఉంటుంది. తలుపు తీయగానే గుప్పున వాసన, పది నిమిషాల్లో తలనొప్పి. మూడేళ్ళ పాప కారెక్కితే వాంతి చేసుకుంటోంది. అమ్మగారికి ఆయాసం ఉంది. షోరూమ్‌లో అడిగితే కొత్త బండి అలాగే ఉంటుంది అన్నారు. ఈలోగా డ్యాష్‌బోర్డ్ నుంచి బెంజీన్ వచ్చి క్యాన్సర్ వస్తుందని వాట్సాప్‌లో ఒక మెసేజ్ చూసి టెన్షన్ పడుతున్నారు. వచ్చే నెల అమ్మగారితో తిరుపతి వెళ్ళాలి, వెళ్ళొచ్చా అని అడిగారు.

కార్ల సీట్లు, డోర్ ప్యాడ్లు, కార్పెట్లు తయారుచేసే కంపెనీల్లో మెటీరియల్ ల్యాబ్‌లో చాలా ఏళ్ళు పనిచేశాను. ఇప్పుడు అనంతపురంలో ఉంటున్నాను కాబట్టి మన ఎండలో కారు ఎలా ఉంటుందో నాకూ రోజూ అనుభవమే. నేను చెప్పేది ఒకటే: వాసనను ఇంకో వాసనతో కప్పొద్దు. అది ఎక్కడి నుంచి వస్తోందో పట్టుకుని, దాన్ని తీసేయండి, మిగిలింది గాలికి పోనివ్వండి. మీరు రాసినదాన్ని బట్టి కంపెనీ బిగించిన వస్తువులకంటే మీరు బయట వేయించినవాటి మీదే నాకు ఎక్కువ అనుమానం.

ఎందుకో చెప్తాను. కారు లోపల కనిపించేదంతా దాదాపు ప్లాస్టిక్కు, ఫోము, బంక. సీటు లోపల పాలీయూరెథేన్ ఫోము ఉంటుంది, దాన్ని పొంగించడానికి వాడే అమైన్‌లు మిగిలిపోతే కొంచెం చేపల వాసన వస్తుంది. డ్యాష్‌బోర్డ్ పైన మెత్తటి పొర పీవీసీ అయితే, అది మెత్తగా ఉండటానికి కలిపే నూనెలాంటి పదార్థాలు మెల్లగా బయటికి వస్తూ ఉంటాయి. కార్పెట్ కింద శబ్దం రాకుండా వేసే షీట్లలో తారు ఉంటుంది. రూఫ్ లైనింగ్‌ను, డోర్ ప్యాడ్ గుడ్డను అంటించే బంకల్లో టొలీన్, జైలీన్‌లాంటి సాల్వెంట్లు, అంటే బంకను పలచగా ఉంచే ద్రవాలు, ఉండొచ్చు. కొన్ని రెసిన్ల నుంచి, ఫెల్టుల (ఒత్తి చేసిన పీచు పట్టల) నుంచి ఫార్మాల్డిహైడ్ వస్తుంది. రబ్బరుకు గంధకం కలిపిన వాసన ఉంటుంది. ఇవన్నీ తక్కువ వేడికే ఆవిరయ్యే రసాయనాలు. వీటినే వీఓసీలు అంటారు. షోరూమ్‌లో మనం మురిసిపోయే కొత్త కారు వాసన ఈ మిశ్రమమే.

కంపెనీలు దీన్ని గాలికి వదిలేయలేదు. జపాన్ కార్ల తయారీదారుల సంఘం 2007 మోడళ్ళ నుంచి 13 రసాయనాలకు తమంతట తామే పరిమితులు పెట్టుకుంది. చైనా 2011లో ఎనిమిది రసాయనాలకు మార్గదర్శక పరిమితులు ప్రకటించింది. వాటి ప్రకారం కారులోని ఘనపు మీటరు గాలిలో బెంజీన్ 0.11 మిల్లీగ్రాములు, ఫార్మాల్డిహైడ్ 0.10, టొలీన్ 1.10 దాటకూడదు. అక్కడ కొత్త కారు కొన్నవాళ్ళ ఫిర్యాదుల్లో ఏళ్ళ తరబడి వాసనే ముందుండేది. అందుకే ప్రపంచమంతా అమ్మే కంపెనీలు సప్లయర్లను ఈ విషయంలో గట్టిగానే పట్టుకుంటాయి. సీటు గుడ్డ నుంచి చిన్న క్లిప్పు దాకా ల్యాబ్‌లో పాసైతేనే కారులోకి వెళ్తుంది. మన ఊళ్ళలో బయట అమ్మే మ్యాటుకు, సీటు కవరుకు, డబ్బాలోంచి బ్రష్షుతో పూసే రబ్బరు సొల్యూషన్ అనే బంకకు అలాంటి పరీక్ష ఏదీ జరగదు. ఫ్యాక్టరీలో అంత జాగ్రత్తగా చేసిన లోపలి భాగం మీద మనం డెలివరీ అయిన వారంలోనే పరీక్ష లేని సరుకు పరుస్తున్నాం. దుకాణం అబ్బాయి సొల్యూషన్ ఆరకముందే షీటు అంటించి డోర్ ప్యాడ్ బిగించేస్తే, ఆ సాల్వెంట్ లోపలే చిక్కుకుని నెలల తరబడి ఎండ తగిలినప్పుడల్లా కొంచెం కొంచెంగా వస్తుంది.

నా అనుమానం నిజమో కాదో ఇంట్లోనే తేల్చుకోవచ్చు. ల్యాబ్‌లో మేం వాడే జర్మన్ పద్ధతి ఒకటుంది, పేరు వీడీఏ 270. మూత గట్టిగా పట్టే గాజు జాడీలో మెటీరియల్ ముక్క వేస్తారు. 80 డిగ్రీల ఓవెన్‌లో రెండు గంటలు ఉంచి, తీసి 60 డిగ్రీలకు చల్లారనిస్తారు. కనీసం ముగ్గురు మనుషులు, ఒకరి తర్వాత ఒకరు, మూత కొంచెమే పక్కకు జరిపి వాసన చూసి 1 నుంచి 6 దాకా మార్కు వేస్తారు. ఒకటి అంటే ఏమీ తెలియడం లేదని, మూడు అంటే స్పష్టంగా తెలుస్తోంది కానీ ఇబ్బంది లేదని, నాలుగు నుంచి ఇబ్బంది, ఆరు అంటే భరించలేమని. ఎంత ఖరీదైన మిషన్లున్నా ఈ పరీక్షలో ఇప్పటికీ మనిషి ముక్కే ఆఖరి మాట. వాసన చూసేవాళ్ళు అంతకుముందు టీ, సిగరెట్ తాగకూడదు, సెంటు పూసుకోకూడదు.

ఇంట్లో దీన్నే ఇలా చేయండి. ఒకే రకం గాజు సీసాలు నాలుగు తీసుకుని, వాసన లేకుండా కడిగి ఎండబెట్టండి. మూతలోని రబ్బరు వాసన కలవకుండా లోపల వంటింటి అల్యూమినియం ఫాయిల్ పెట్టండి. ఒకదాంట్లో మ్యాటు ముక్క, ఇంకోదాంట్లో సీటు కవరు ముక్క, మూడోదాంట్లో డ్యాంపింగ్ షీటు ముక్క వేయండి. కత్తిరించగా మిగిలిన ముక్కలు షాపులో అడిగితే ఇస్తారు. నాలుగోది ఖాళీగా ఉంచండి, అది పోల్చుకోవడానికి. మిద్దె మీద మిట్టమధ్యాహ్నం ఎండలో రెండు గంటలు పెట్టి, ఒక్కొక్కటీ కొంచెం తెరిచి వాసన చూడండి. ముక్కు లోపలికి పెట్టి గట్టిగా పీల్చొద్దు, చేత్తో గాలిని ముక్కు వైపు విసురుకుంటే చాలు. ఈ పని మీరొక్కరే చేయొద్దు. రోజూ ఆ కారులో తిరిగే మీ ముక్కు ఆ వాసనకు అలవాటుపడి ఉంటుంది. కారెక్కని పక్కింటివాళ్ళను పిలవండి, ఆయాసం ఉన్న అమ్మగారిని, పాపను దూరంగా ఉంచండి. కారులో వచ్చే వాసన ఏ సీసాలో దొరుకుతుందో ఐదు నిమిషాల్లో తెలిసిపోతుంది. చాలాసార్లు అది మ్యాటు సీసాయే అవుతుంది.

మ్యాటే అని తేలితే డబ్బులు పోయాయని బాధపడకుండా తీసేయండి. కంపెనీ ఇచ్చిన గుడ్డ మ్యాట్లు చాలు. తీసిన మ్యాట్లను మిద్దె మీద రెండు మూడు వారాలు ఎండకు, గాలికి వదిలి, మళ్ళీ సీసా పరీక్ష చేసి, తగ్గితే వేసుకోండి. సీటు కవర్లకూ అంతే. డ్యాంపింగ్ షీట్ల సంగతి కొంచెం కష్టం, డోర్ ప్యాడ్ విప్పాలి. సొల్యూషన్ వాసన అక్కడిదే అని తేలితే ఒక రోజంతా ప్యాడ్లు విప్పి, తలుపులు తెరిచి నీడలో ఆరనివ్వమని షాపువాళ్ళను అడగండి. ఇంకో సంగతి, సీట్ల మీద, సన్‌వైజర్ల మీద కంపెనీ పాలిథిన్ కవర్లు ఇంకా ఉంటే ఈరోజే చించేయండి. కారు కొత్తగా కనబడాలని నెలల తరబడి ఉంచుతారు మనవాళ్ళు. ఫోములోంచి బయటికి పోవాల్సిందంతా ఆ కవరు కిందే ఆగిపోతుంది.

ఇక వాట్సాప్ మెసేజ్. అది ఏళ్ళ తరబడి ఇంగ్లీషులోనూ తెలుగులోనూ తిరుగుతున్నదే. లోపల ఉండదగిన బెంజీన్ చదరపు అడుగుకు 50 మిల్లీగ్రాములని, ఎండలో పెట్టిన కారులో అది 2000 నుంచి 4000 దాకా చేరుతుందని అందులో ఉంటుంది. గాలిలో కలిసిన రసాయనాన్ని చదరపు అడుగుల్లో కొలవరు, ఘనపు మీటర్లలో కొలుస్తారు. ఆ ఒక్క ముక్కతోనే రాసినవాళ్ళకు విషయం తెలియదని అర్థమవుతుంది. పోనీ లెక్క వేసి చూద్దాం. కారు లోపల సుమారు 3 ఘనపు మీటర్ల గాలి ఉంటుంది. అందులో 2000 మిల్లీగ్రాముల బెంజీన్ అంటే ఘనపు మీటరుకు 600కు పైనే. చైనా పరిమితి 0.11 అని పైన రాశాను. అన్ని వేల రెట్లు డ్యాష్‌బోర్డ్ ప్లాస్టిక్ నుంచి రాదు. పైగా బయట 60 ఫారన్‌హీట్ డిగ్రీలు దాటితే ఇలా అవుతుందని ఆ మెసేజ్ చెప్తుంది. అంటే మన లెక్కలో 16 సెల్సియస్. కర్నూలులో జనవరి తెల్లవారుజామున తప్ప అంత చల్లదనం ఎక్కడిది?

బెంజీన్ క్యాన్సర్ కారకమన్న మాట మాత్రం నిజమే, అందులో సందేహం లేదు. కానీ కారులో అది ఎక్కువగా పెట్రోల్ నుంచి, బండ్ల పొగ నుంచి వస్తుంది. బీఎస్-6 కాలుష్య ప్రమాణాల పెట్రోల్‌లో కూడా 1 శాతం దాకా బెంజీన్ ఉండొచ్చు. డిక్కీలో పెట్రోల్ క్యాను పెట్టుకుని తోటకు వెళ్ళడం మనవైపు చాలామందికి అలవాటు, అది మానాలి. ముక్కును నమ్ముకుని కూడా లాభం లేదు. గాలిలో పదిలక్షల భాగాలకు ఒకటి రెండు భాగాలు దాటితే గానీ బెంజీన్ వాసన మనకు తెలియదు, అది భద్రమైన స్థాయికంటే చాలా ఎక్కువ. మరోవైపు గంధకం, అమైన్‌ల వాసన అణుమాత్రం ఉన్నా గుప్పుమంటుంది. అందుకని ఘాటుగా ఉన్నదంతా విషం కాదు, వాసన లేనిదంతా భద్రమూ కాదు.

మరి మీ కారు గాలి వల్ల హాని ఉందా? 2007లో జర్మనీలోని మ్యూనిక్ టెక్నికల్ యూనివర్సిటీ పరిశోధకులు ఒక కొత్త కారును, ఒక మూడేళ్ళ కారును ఎండలాంటి దీపాల కింద పెట్టి లోపలి గాలిని పరీక్షించారు. ఘనపు మీటరు గాలిలో మొత్తం వీఓసీలు కొత్తదాంట్లో 10.9 మిల్లీగ్రాములు, పాతదాంట్లో 1.2 ఉన్నాయి. ఆ గాలి మనిషి కణాలకు విషంలా పనిచేయలేదు. అయితే కొత్త కారు గాలి అలర్జీ స్పందనను కొంచెం పెంచింది. నా అభిప్రాయం కూడా దానికి దగ్గరే. ఆరోగ్యంగా ఉన్నవాళ్ళు రోజూ అరగంట ప్రయాణానికి భయపడాల్సింది లేదు. ఆయాసం, అలర్జీ ఉన్నవాళ్ళ విషయంలో, చిన్నపిల్లల విషయంలో జాగ్రత్త పడాల్సిందే. మీ అమ్మగారి గురించి మీరు పడే ఆందోళన సరైనదే.

వేడి సంగతికి వస్తే, ల్యాబ్‌లో కఠినమైన పరీక్షకు పెట్టే 80 డిగ్రీలు మన డ్యాష్‌బోర్డ్‌లు ఏప్రిల్, మే నెలల్లో రోజూ చూసే వేడి. బయట 42 ఉంటే మూసిన కారులో గాలి 60 దాటుతుంది, నేరుగా ఎండ తగిలే డ్యాష్‌బోర్డ్ పైభాగం 80 దగ్గరికి వెళ్తుంది. వేడి పెరిగేకొద్దీ రసాయనాలు వేగంగా బయటికి వస్తాయి. అందుకే కొన్న కొత్తలో ఎక్కువగా ఉండి, కొన్ని నెలల్లో బాగా తగ్గి, చలికాలంలో పోయిందనుకున్న వాసన మళ్ళీ ఉగాది దాటగానే కొంచెం తిరిగొస్తుంది. కంగారు పడకండి, ఏడాదికేడాది తగ్గుతూనే పోతుంది.

ముందు అద్దం లోపలివైపు జిడ్డు పొర పడుతోందని, రాత్రి బళ్ళారి చౌరస్తా దగ్గర ఎదుటి బండ్ల లైట్లకు అద్దం మసకబారుతోందని రాశారు. అదీ దీని ఫలితమే. డ్యాష్‌బోర్డ్ నుంచి ఆవిరైన బరువైన పదార్థాలు చల్లటి అద్దం మీద పేరుకుంటాయి. దీనికీ ఒక పరీక్ష ఉంది: ముక్కను 100 డిగ్రీల దగ్గర మూడు గంటలు వేడిచేసి, పైన 21 డిగ్రీల్లో ఉంచిన గాజు పలక ఎంత మసకబారిందో కొలుస్తారు. గిన్నెలు కడిగే సబ్బు రెండు చుక్కలు కలిపిన నీళ్ళతో తుడిచి, పొడి మైక్రోఫైబర్ గుడ్డతో ఆరబెడితే పోతుంది, కొత్తలో వారానికోసారి చేయాలి. డ్యాష్‌బోర్డ్‌కు మెరుపు కోసం స్ప్రే పాలిష్ కొట్టించొద్దు, ఆ జిడ్డు ఇంకా పెరుగుతుంది. తడి గుడ్డ చాలు. కార్పెట్‌ను కూడా తరచూ వ్యాక్యూమ్ చేయండి. ఆవిరైనవాటిలో కొన్ని దుమ్ముకు అంటుకుని ఉంటాయి, పిల్లల చేతులు మొదట వెళ్ళేది అక్కడికే.

ఇప్పుడు మనసు పెట్టి వినాల్సిన మాట ఒకటి. కర్నూలు, అనంతపురం వైపు నాకు చూపించిన కార్లలో నన్ను నిజంగా భయపెట్టినవి కొత్త కార్లు కావు. పురుగుమందు డబ్బా డిక్కీలో ఒలికిన కార్లు. పత్తికో మిరపకో మందు కొని, అదే కారులో పిల్లలను స్కూలు నుంచి తీసుకొస్తారు. హ్యాచ్‌బ్యాక్ అయినా ఎస్‌యూవీ అయినా డిక్కీ గాలి, సీట్ల దగ్గర గాలి ఒకటే, మధ్యలో అడ్డు లేదు. కార్పెట్‌లోకి ఇంకిన మందు సెంటుతో పోదు, ఎండతో పోదు. చేతులకు గ్లౌజులు వేసుకుని ఆ కార్పెట్, దాని కింది ఫెల్టు పూర్తిగా తీసేసి కొత్తవి వేయించడమే దారి. మీది అలాంటి కేసు కాదని తెలుసు, అయినా ఇది చదివే రైతులెవరైనా ఉంటే మందు డబ్బాలను మూత బిగించి, ట్రాక్టర్‌లోనో ట్రాలీ ఆటోలోనో వేరుగా పంపండి. కారులో పెట్టనే వద్దు.

వాసన తెలియకుండా కారులో పర్‌ఫ్యూమ్ డబ్బా పెట్టానన్నారు, దాన్ని వెంటనే తీసేయండి. నిమ్మ, నారింజ వాసనల్లో లిమొనీన్ ఉంటుంది. అది గాలిలోని ఓజోన్‌తో కలిస్తే ఫార్మాల్డిహైడ్ తయారవుతుంది. అమ్మగారి ఆయాసానికి సెంటు ఎలాగూ పడదు. కలరా ఉండలు కారులో అసలు పెట్టొద్దు, అది నాఫ్తలీన్, పాప నోట్లో పెట్టుకుంటే ప్రాణం మీదికి వస్తుంది. పూజ రోజు అగరొత్తి బయట వెలిగించి హారతి ఇవ్వండి, లోపల పొగ వద్దు. కొన్ని షాపుల్లో ఓజోన్ ట్రీట్‌మెంట్ అంటారు, కారు లోపల ఓజోన్ వాయువు నింపి వాసన పోగొట్టడం. ఆయాసం ఉన్నవాళ్ళు ఎక్కే కారుకు నేనైతే చేయించను. బొగ్గు సంచి పెట్టమని మీ స్నేహితుడు చెప్పింది హాని లేని పనే. కానీ ఎండలో కారు వేడెక్కితే బొగ్గు పట్టుకున్నదాంట్లో కొంత మళ్ళీ వదిలేస్తుంది, కాబట్టి దాని మీద ఆశ పెట్టుకోవద్దు. గ్లవ్ బాక్స్ వెనక ఉండే క్యాబిన్ ఫిల్టర్‌ను యాక్టివేటెడ్ కార్బన్ రకానికి మార్పిస్తే కొంత మేలు. పొగ, సాల్వెంట్ వాసనలకు అది పనికొస్తుంది, ఫార్మాల్డిహైడ్‌ను మాత్రం పెద్దగా ఆపదు.

రోజూ సాయంత్రం చేయాల్సింది తేలిక. నాలుగు తలుపులూ తీసి నిమిషం నిలబడండి. తర్వాత అద్దాలు దించి, ఫ్యాను ఫుల్ పెట్టి, బయటి గాలి వచ్చే మోడ్‌లో రెండు మూడు నిమిషాలు నడపండి. వేడి గాలి పోయాక అద్దాలెత్తి ఏసీ వేసుకోండి. చల్లబడ్డాక రీసర్క్యులేషన్ (లోపలి గాలే మళ్ళీ తిరిగే మోడ్) పెట్టినా, అరగంటకోసారి బయటి గాలికి మార్చండి. నలుగురు మూసిన కారులో అదే గాలి పీలుస్తుంటే కార్బన్ డయాక్సైడ్ పెరిగి తలబరువు, మగత వస్తాయి. మీ తలనొప్పిలో దీని వాటా కూడా ఉండొచ్చు. ముందు అద్దానికి వెండి రంగు సన్‌షేడ్ పెట్టండి, వేప చెట్టు నీడ దొరికితే ఇంకా మంచిది. ఎంత ఎండైనా మూసిన షెడ్డులో ఇంజిన్ ఆన్ చేసి ఏసీలో కూర్చోవద్దు, కార్బన్ మోనాక్సైడ్‌కు వాసనే ఉండదు.

వాసన రకం మారితే మెకానిక్ దగ్గరికి వెళ్ళండి. పెట్రోల్ వాసన, కాలిన వైరు వాసన వస్తే ఆరోజే. తియ్యటి వాసనతో పాటు కాళ్ళ దగ్గర తడి ఉంటే కూలెంట్ (ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం) కారుతోంది. ఏసీ వేయగానే తడి సాక్సుల వాసన వస్తే ఇవాపరేటర్ (ఏసీలో గాలిని చల్లబరిచే భాగం) మీద బూజు.

తిరుపతికి వెళ్ళండి. మీకు ఇంకా నెల టైముంది. ఈ వారమే మ్యాట్లు, కవర్లు తీసేసి, సాయంత్రాలు ఇంటి ముందు నీడలో తలుపులు తెరిచి పెడుతూ ఉంటే అప్పటికి చాలా తేడా వస్తుంది. బయలుదేరే రోజు తెల్లవారకముందే కదిలితే నంద్యాల, ఆళ్ళగడ్డ దాటేదాకా అద్దాలు దించుకునే వెళ్ళొచ్చు, ఎండెక్కేసరికి కడప చేరతారు. అమ్మగారిని ముందు సీట్లో కూర్చోబెట్టండి, ఏసీ గాలి ముఖం మీదికి రాకుండా వెంట్లు తిప్పండి. ఇన్‌హేలర్ డిక్కీ బ్యాగులో కాకుండా ఆమె చేతిసంచిలో ఉండాలి, దాన్ని డ్యాష్‌బోర్డ్ మీద ఎండలో పెట్టొద్దు. పాపకు బయలుదేరే ముందు పాలు పట్టకుండా తేలికగా ఇడ్లీ పెట్టండి. వెళ్ళేముందు ఒకసారి ఆయాసం చూసే డాక్టరుకు ప్రయాణం సంగతి చెప్పండి. సీసాల్లో ఏది ఎక్కువ వాసన వచ్చిందో ఇక్కడే రాయండి, దాన్నిబట్టి డోర్ ప్యాడ్లు విప్పించాలో అక్కర్లేదో చెప్తాను.